సంఘానికి లెక్క ఉంది.. ఇంటికేదీ?

మహబూబ్‌నగర్: సంఘం సమావేశం రోజున పొదుపు ఎంత, కిస్తీ ఎంత, ఎవరి బాకీ ఎంత అన్నది పుస్తకంలోకి ఎక్కాల్సిందే. రూపాయి తేడా వస్తే లెక్క మళ్లీ మొదలు. అదే సభ్యురాలిని ఇంటి దగ్గర 'బ్యాంకులో ఎంతుంది?' అని అడిగితే ఫోను తీసి పాత మెసేజీలు వెతుకుతుంది.

పాలమూరు, నల్లగొండ పల్లెలకు పద్దు కొత్త కాదు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. నల్లగొండ తరువాతి దశలో చేరింది. సంఘాలకు నేర్పిన పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి.

ఇంటి సంగతి వేరు. వలస వెళ్లిన కూలీకి మేస్త్రి చెప్పిందే లెక్క. తీసుకున్న అడ్వాన్సులో ఎంత తీరిందో కూలీ దగ్గర చిట్టీ ఉండేది కాదు. 2006లో ఉపాధి హామీ తొలి దశలోనే రెండు జిల్లాలకూ వచ్చింది. కూలి డబ్బు ఖాతాల్లో పడటం మొదలైంది. 2018లో రైతుబంధు వచ్చింది. డబ్బు ఖాతాకు చేరుతున్నా లెక్క మాత్రం ఇంకా ఎదుటివారి పుస్తకంలోనే ఉంది.

నిల్వ వేరు, మిగులు వేరు

ఒక ఇంటి ఖాతాలో రూ.8,400 ఉందనుకుందాం. పదో తేదీన సంఘం కిస్తీ రూ.2,200. ఎరువుల దుకాణంలో బాకీ రూ.5,000. నిజంగా చేతిలో మిగిలేది రూ.1,200 మాత్రమే. బ్యాంకు మెసేజీ ఈ సంగతి చెప్పదు. ఆ రూ.8,400 చూసి పండక్కి ఖర్చు పెడితే కిస్తీకి మళ్లీ కొత్త అప్పే గతి. అప్పు తీర్చడానికి మరో అప్పు చేస్తే ఏమవుతుందో 2010 నాటి సూక్ష్మరుణాల సంక్షోభంలో రాష్ట్రమంతా చూసింది.

ఫోనులోనే పద్దు

ఈ లెక్క చూసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కంప్యూటరులో వాడే గ్నూక్యాష్ ఉచితం. ఫోనులో మామూలు లెక్కల పట్టిక చాలు. బ్యాంకు, చేతి నగదు, సంఘం అప్పు, దుకాణం బాకీ.. ఒక్కోదానికి ఒక్కో ఖాతా తెరవాలి. మొదట ఈనాటి నిల్వ రాయాలి. తరువాత వచ్చింది, పోయింది ఏ రోజుకారోజు ఎక్కించాలి. కూడికలు, తీసివేతలు అదే చేస్తుంది. నెలకోసారి పాసుపుస్తకంతో సరిచూసుకోవాలి. తేడా వచ్చిందంటే మనం రాయడం మరచిపోయి ఉండాలి, లేదా మనకు తెలియకుండా డబ్బు పోయి ఉండాలి. పద్దు రాయడానికి పిన్నుతో గాని, ఓటీపీతో గాని పని లేదు. అడిగిన యాప్‌ను దూరం పెట్టాలి.

మూడు రోజుల గడువు

సరిచూసుకోవడంలో ఆలస్యం చేస్తే నష్టమే. అటు బ్యాంకు తప్పు, ఇటు ఖాతాదారు తప్పు లేకుండా మూడో వ్యక్తి ఆన్‌లైన్‌లో డబ్బు కాజేస్తే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవారు నష్టం భరించనక్కర లేదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. నాలుగు నుంచి ఏడు రోజుల్లోగా చెబితే కొంత భరించాలంది. సైబరు మోసాలపై ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. అయితే పోయిందని తెలిస్తేనే కదా ఫిర్యాదు!

సంఘం పుస్తకాన్ని తప్పు లేకుండా నడుపుతున్న చేతులకు ఇంటి పద్దు బరువు కాదు. రోజుకు అయిదు నిమిషాలు చాలు.