ముందు పళ్లెం... తర్వాతే సూది!

"పిల్లికి కూడా షుగరేంటమ్మా, విడ్డూరం కాకపోతే!"

మా పక్కింటి పిన్నిగారి బుజ్జికి డయాబెటిస్ అని తేలినప్పుడు వీధిలో అందరూ అలా నవ్వినవాళ్లే. పదేళ్ల మగపిల్లి. బొద్దుగా, ముద్దుగా ఉండేది. ఉన్నట్టుండి నీళ్లు తెగ తాగడం, మాటిమాటికీ మూత్రం పోయడం, బాగా తింటున్నా చిక్కిపోవడం మొదలైంది. పశువుల డాక్టరు రక్తం, మూత్రం పరీక్ష చేయించి, రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో ఇన్సులిన్ వేయమన్నారు.

సూది వేయడం పిన్నిగారికి కొత్తేం కాదు. బాబాయిగారికి ఎన్నో ఏళ్లుగా ఆవిడే వేస్తున్నారు. చిక్కల్లా తిండి దగ్గరే వచ్చింది. ఓ రోజు పొద్దున్న బుజ్జి పళ్లెం వాసన చూసి మొహం తిప్పేసుకుంది. పిన్నిగారి చేతిలో సిరంజి సిద్ధంగా ఉంది.

"వేళ దాటిపోతోందే అమ్మాయ్, వేసెయ్యనా?" అన్నారు నాతో. నాకేం తెలుసు! డాక్టరుకి ఫోన్ చేశాం. "ఆగండి. తినని పిల్లికి రోజూ వేసే మోతాదు వేయకూడదు" అన్నారాయన.

ఎందుకు ఆగాలి?

కడుపులో తిండి లేకుండా ఇన్సులిన్ పడితే రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. పిల్లి తూలుతుంది, వణుకుతుంది, మగతగా పడి ఉంటుంది. ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు కాస్త తేనెగానీ, గ్లూకోజు నీళ్లుగానీ వేలితో చిగుళ్లకు రాసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నోట్లో మాత్రం పోయకండి, పొలమారుతుంది.

అలాగని మీ అంతట మీరు ఇన్సులిన్ మానేసినా ముప్పే. ఆ పూట ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో డాక్టరే చెప్పాలి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుంది. లావుపాటి పిల్లులకు ఈ భయం మరీ ఎక్కువ. తినకపోవడంతో పాటు వాంతులు, నీరసం ఉంటే ఆ రోజే చూపించాలి.

తినిపించేదెలా?

పిల్లి మాంసాహారి. మనం పెట్టే పాలన్నం, పెరుగన్నం దాని చక్కెరను పెంచుతాయి. మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థాలు తక్కువగా ఉండే తడి ఆహారం మంచిది. అయితే బొత్తిగా తినని రోజున పథ్యం కన్నా నాలుగు ముద్దలు లోపలికి పోవడమే ముఖ్యం.

* తిండిని గోరువెచ్చగా చేయండి. వాసన తగిలితేనే పిల్లికి ఆకలి.

* కొంచెం కొంచెంగా, వెడల్పాటి పళ్లెంలో, సందడి లేని చోట పెట్టండి.

* ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన చికెన్, ముళ్లు తీసిన చేప ఆశపెట్టి చూడండి. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకండి. అవి పిల్లికి విషం.

* నోరు చూపించండి. పంటి నొప్పి వల్ల కూడా తినడం మానేస్తాయి. మా బుజ్జి సంగతి చివరికి అదే!

సిరంజి విషయంలో...

ఇంట్లో షుగర్ మనిషి ఉన్నారు కదా అని ఆ మందులే పిల్లికి వాడకండి. ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉంటే 40 సిరంజి, 100 అని ఉంటే 100 సిరంజి. మన దగ్గర 40 దానికి ఎర్రమూత, 100 దానికి నారింజ రంగు మూత ఉంటాయి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు మారిపోతుంది.

మొదట్లోనే గుర్తించి సరైన వైద్యం, తిండి అందిస్తే కొన్ని పిల్లులకు కొన్నాళ్లకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. బుజ్జికి ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. అయినా హాయిగానే ఉంది. పుచ్చిన పన్ను తీసేశాక పళ్లెం ఖాళీ చేస్తోంది. పిన్నిగారు గోడకి క్యాలెండరు తగిలించి, తిన్నది, వేసింది రెండూ రెండుపూటలా రాస్తున్నారు.

"మీ బాబాయిగారికి ఆకలి లేకపోతే నోటితో చెబుతారు. దీనికి పళ్లెమే నోరు. అందుకే ముందు దాన్నే చూస్తాను" అంటారావిడ.

మీ ఇంట్లోనూ ఇలాంటి బుజ్జి ఉంటే, ఆ మాట గుర్తుంచుకోండి మరి!