కీమో తర్వాత వాంతులు: మాత్ర దాచుకోకండి

బ్రాంప్టన్‌లో వేర్‌హౌస్‌ పని చేసే ఒక తమ్ముడు కీమో ఎక్కించుకుని వచ్చి, వాంతుల మాత్రలు పక్కన పెట్టేశాడు. "ఇప్పుడేం రావట్లేదు కదక్కా, ఖరీదైనవి, తర్వాత పనికొస్తాయి" అన్నాడు. మూడో రోజుకి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు.

ఈ పొదుపు వద్దు. వాంతి మొదలయ్యాక ఆపడం కన్నా రాకుండా చూసుకోవడం తేలిక. కీమో మందు పడగానే పేగుల్లో సెరటోనిన్‌ విడుదలై, వాంతి చెయ్యమని మెదడుకి కబురు వెళ్తుంది. ఆండాన్‌సెట్రాన్‌ ఆ కబురుని అడ్డుకుంటుంది, అందుకే కీమోకి ముందే ఇస్తారు. సిస్‌ప్లాటిన్‌ లాంటి మందులకైతే రెండో రోజు, మూడో రోజు వికారం ముదురుతుంది. బాగానే ఉన్నా ఆ రోజుల మాత్రలు మానకండి. ఆండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం రావచ్చు, దానికీ మందు అడగండి. డెక్సామెథాసోన్‌ షుగర్‌ పెంచుతుంది, షుగర్‌ ఉన్నవాళ్ళు నర్సుకి ముందే చెప్పాలి. ఓలాంజపిన్‌ రాస్తే, అది మానసిక జబ్బు మందని నెట్‌లో చూసి భయపడి పారెయ్యకండి. వికారానికీ అదే ఇస్తారు. మత్తుగా ఉంటుంది కాబట్టి కారు, ఫోర్క్‌లిఫ్ట్‌ నడపొద్దు.

తిండి సంగతి. బేస్‌మెంట్‌లో నలుగురు ఉండే చోట పోపు వాసనే సగం వాంతి తెప్పిస్తుంది, చలికాలం కిటికీ కూడా తియ్యలేం. రూమ్మేట్లకి మొహమాటం లేకుండా చెప్పండి. వేడివేడి కూరల కన్నా చల్లారిన పెరుగన్నం, ఇడ్లీ, మరమరాలు నయం. రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు తినండి, నీళ్ళు గుక్కగుక్కగా తాగండి. ఆవకాయ కొన్నాళ్ళు పక్కన పెట్టండి, కష్టమే!

ఇక డబ్బు. ఒంటారియోలో ఓహిప్‌ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఎక్కించే కీమోకి కట్టక్కర్లేదు. ఇంటికి రాసే మాత్రలు మాత్రం మామూలుగా అందులోకి రావు. కంపెనీ ఇన్సూరెన్స్‌ లేకపోతే ట్రిలియం డ్రగ్‌ ప్రోగ్రామ్‌కి దరఖాస్తు పెట్టండి. ఆదాయాన్ని బట్టి కొంత మీరు కట్టాక మిగతాది వాళ్ళు భరిస్తారు. క్యాన్సర్‌ ఆసుపత్రుల్లో మందుల ఖర్చు సంగతి చూసే ఉద్యోగులుంటారు, మాత్ర మానేసే ముందు వాళ్ళని కలవండి. పని మానాల్సి వస్తే ఈఐ సిక్‌నెస్‌ బెనిఫిట్‌ 26 వారాల దాకా వస్తుంది. దానికి 600 గంటల పని లెక్కలో ఉండాలి, పే స్టబ్‌లు దాచుకోండి.

రోజంతా నీళ్ళు నిలవకపోయినా, వాంతిలో రక్తం పడినా, మూత్రం బాగా తగ్గినా, లేస్తే కళ్ళు తిరిగినా ఆగొద్దు. జ్వరం 38 డిగ్రీలు దాటితే టైలెనాల్‌ వేసుకుని పడుకోవద్దు, వెంటనే ఫోన్‌ చెయ్యండి. ఎమర్జెన్సీకి వెళ్తే మొదటి మాటగా "కీమోలో ఉన్నాను" అని చెప్పండి.