పాతయింటికి ఏ మరమ్మతు తగును?

"పైన పటారము, లోన లొటారము" అను సామెత మనుష్యులకే కాదు, పాతయిండ్లకును వర్తించును. పాతయింటిని కొని, బాగుచేయించి, మరల విక్రయించి లాభము పొందవలెనని నేడు పలు కుటుంబములవారు తలంచుచున్నారు. ఇందులకై పెక్కుచోట్ల ఇల్లాలి నగలే తాకట్టునకు పోవుచుండును. కావున ఏ మరమ్మతు వలయునో, ఏది వలదో సోదరీమణులు చక్కగా నెఱిగియుండుట యవసరము.

మొదటిది లెక్క. కొనుటకు ముందే ఆ వీధిలో బాగుగానున్న అట్టి యిల్లు ఎంతకు అమ్ముడుపోవునో విచారింపవలెను. అది 52 లక్షలనుకొందము. పాతయింటి వెల 40 లక్షలు. రిజిస్ట్రేషను ఖర్చులు 3 లక్షలు. వడ్డీయు, మధ్యవర్తి రుసుమును కలిపి 2 లక్షలు. మనము కోరు లాభము 3 లక్షలు. ఇక మరమ్మతులకు మిగులునది 4 లక్షలే. అందును ఒక లక్ష, పని మొదలిడిన పిదప బయటపడు లోపములకై దాచియుంచవలెను. తక్కిన 3 లక్షలలో ఇమడని సొగసు లాభమును మ్రింగునదే యగును.

రెండవది వరుస. వాననీరు, చెద, విద్యుత్తు - ఈ మూడింటి సంగతి తేలిన పిమ్మటనే తక్కినవి. మండువాయింటిలో నాలుగువైపుల కప్పునీరు నడుమ పడి తూముగుండ వెలికిపోవును. కొనకముందే అచట నాలుగు బిందెల నీరు పోసి చూడుడు. నీరు నిలిచెనేని తూము పూడినదని యెఱుగవలెను. ఆ చెమ్మ పునాదికి చేటు. దూలములను తట్టి చూడుడు. డొల్లమ్రోత వచ్చినచో చెదను శంకింపవలెను. పాత తీగెలను మార్పించి, ఎర్తు వేయించి, కరెంటు దారితప్పిన తక్షణమే ఆపివేయు స్విచ్చిని పెట్టించుట ప్రాణరక్షణము. ఇవి కంటికి కానరావు. అయినను ఇంటికి ఆయువుపట్లు.

గోడల విషయమున తొందర కూడదు. సున్నముతో కట్టిన పాతగోడ తనలోని చెమ్మను మెల్లగా వెలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోననే చిక్కి, కొంతకాలమునకు పూత పెచ్చులుగా ఊడును. అట్టి గోడకు సున్నపు పూతయే మేలు.

ఇంటిని చూడవచ్చు స్త్రీలు ముందుగా పోవునది వంటయింటికి, స్నానపుగదికి. అచట గాలి, వెలుతురు, ధారాళముగా నీరు, మురుగు పోవు దారి కల్పించుట వృథావ్యయము కాదు. గట్టిగానున్న టేకు తలుపులను పెఱికి క్రొత్తవి పెట్టింపవలదు. పాత రంగు గీయించి, నూనె పట్టించిన చాలును. గ్రానైటు పఱపులు, అలంకారపు లోకప్పులు కొనువారి అభిరుచికే విడువుడు. మన ముచ్చట వారికి నచ్చునను నమ్మకము లేదు గదా!

తుదకొక్క మాట. కాఱుచున్న గోడకు రంగు పూసి అమ్మివేయుద మనెడి వారును కలరు. కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనలేని ముఖ్యలోపమును, తనకు తెలిసియున్నచో, అమ్మువాడు చెప్పితీరవలెనని 1882 నాటి ఆస్తిబదిలీ చట్టమే విధించుచున్నది. చట్టమట్లుండ, రేపు ఆ యింట పొయ్యి వెలిగించునది మనవంటి ఇల్లాలే. ఆమె బిడ్డలను చెమ్మగోడ ప్రక్కన పరుండబెట్టి సంపాదించిన లాభము మనకేల? మనము నిర్భయముగా కాపురముండదగునట్లు బాగుచేయించి, ఆ పిమ్మటనే యింటిని అమ్మకమునకు పెట్టుట మేలని మా యభిప్రాయము.