ఊడిన వాషర్, మిగిలిన క్షణాలు

2007 ఆగస్టు 20 ఉదయం తైవాన్ నుంచి బయలుదేరిన చైనా ఎయిర్‌లైన్స్ 120వ సర్వీసు జపాన్‌లోని నాహాలో ఏ ఇబ్బందీ లేకుండా దిగింది. పార్కింగ్ చోటుకు చేరేసరికి ఆ బోయింగ్ 737-800 కుడి ఇంజన్ దగ్గర మంటలు లేచాయి. కొద్ది నిమిషాల్లోనే విమానం పేలి, కాలిపోయింది. అప్పటికే లోపలున్న 165 మందీ బయటపడ్డారు.

దర్యాప్తులో తేలిన కారణం ఒక వాషర్. ఉండాల్సిన చోట అది లేదు.

విమానం రెక్క ముందంచున స్లాట్లు అనే పలకలుంటాయి. టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లో అవి ముందుకు జరిగి, తక్కువ వేగంలోనూ విమానం గాలిలో నిలిచేలా చేస్తాయి. వాటిని నడిపే పట్టాలు వెనక్కి ముడుచుకున్నప్పుడు ఇంధన ట్యాంకులోకి చొచ్చుకుని ఉన్న గూళ్లలోకి వెళ్తాయి. పట్టా హద్దు దాటకుండా ఆపే భాగాన్ని నట్టు, బోల్టు పట్టి ఉంచుతాయి. ఈ నట్లు వదులవుతున్నాయని బోయింగ్ ముందే సూచన పంపింది. దాని ప్రకారమే ప్రమాదానికి సుమారు ఆరు వారాల ముందు ఈ విమానంలో నట్టు బిగించారు. ఆ పనిలోనే వాషర్ ఊడిపోయి ఉంటుందని దర్యాప్తు అధికారులు అభిప్రాయపడ్డారు. నట్టు కన్నా రంధ్రం పెద్దది కావడంతో వాషర్ లేకపోయేసరికి నట్టు, బోల్టు మొత్తం జారి గూట్లో పడ్డాయి. నాహాలో దిగాక స్లాట్లు ముడుచుకున్నప్పుడు పట్టా ఆ బోల్టును నెట్టి గూటికి చిల్లు పెట్టింది. ఆ చిల్లులోంచి ఇంధనం కారి వేడి ఇంజన్ దగ్గర అంటుకుంది.

ఇక్కడ మెకానిక్ ఒక్కడినే దోషిని చేస్తే పాఠం చేజారుతుంది. పని చేసే చోటు ఇరుకు, కంటికి సరిగా ఆనదు. వాషర్ ఒక్కటి ఊడితే అంతా జారిపోయే అమరిక కూడా లోపమే. వారం తిరక్కుండానే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఈ రకం విమానాలను అత్యవసరంగా తనిఖీ చేయమని ఆదేశించింది.

అయితే ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక రోజు ఒక పొరపాటు కంటబడకుండా పోతుంది. అప్పుడు ప్రాణం కాపాడేది బయటపడే వేగమే. 1985 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ విమానం టేకాఫ్ కోసం పరుగెడుతుండగా, అంతకుముందు వెల్డింగుతో మరమ్మతు చేసిన ఇంజన్ దహన గది పగిలి ఇంధన ట్యాంకుకు చిల్లు పడి మంటలు లేచాయి. పైలట్ వెంటనే ఆపాడు. విమానం నేల విడవనేలేదు. అయినా 137 మందిలో 55 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మందిని బలిగొన్నది పొగ. ముందువైపు ఒక తలుపు మొరాయించింది, రెక్క మీది ద్వారం తెరవడం ఆలస్యమైంది, దారి ఇరుకైంది. ఆ తర్వాతే ఆ ద్వారాల పక్కన ఖాళీ పెంచారు.

కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చే ముందు, నిండా జనం ఉన్నా, సగం ద్వారాలే తెరుచుకున్నా, చీకట్లోనైనా 90 సెకన్లలో ఖాళీ చేయగలమని తయారీదారు నిరూపించాలి. ఆ లెక్కలో ఎవరూ పైనుంచి బ్యాగు దింపుకోరు. ఒక్కరు ఆగితే వెనకాల వరసంతా ఆగుతుంది. బ్యాగు తగిలి ద్వారం నుంచి దిగే జారుడు బల్ల చిరిగితే ఆ ద్వారమే పోతుంది.

తొందరపడి దూకడమూ ప్రమాదమే. 2015లో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఇంధన గొట్టం జాయింటుకు భద్రతా తీగ వేయకపోవడంతో ఒక విమానం అంటుకుంది. దిగి పరుగెత్తిన ప్రయాణికుడొకరు ఇంకా తిరుగుతున్న ఇంజన్ గాలి తాకిడికి తీవ్రంగా గాయపడ్డారు. ఏ వైపు దిగాలో, ఎటు పోవాలో సిబ్బంది మాట వినాలి.

కాబట్టి సీట్లో కూర్చోగానే ముందూ వెనకా ఉన్న ద్వారాలకు ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టండి. పొగ కమ్మితే ఆ అంకెలే దారి చూపుతాయి. పొగ వస్తే వంగి నడవండి. బ్యాగు వదిలేయండి. హ్యాంగర్లో జరిగిన తప్పును ప్రయాణికుడు సరిదిద్దలేడు. కానీ అది తన ప్రాణాన్నీ, వెనక వరసలోని వారి ప్రాణాన్నీ తీయకుండా ఆపడంలో అతని వంతు చాలా ఉంది.