ఎర్ర టోపీ పిల్లకి అమ్మ చెప్పని మాట



ఎర్ర టోపీ పిల్ల, తోడేలు కథ మీకందరికీ తెలిసే ఉంటుంది. మనం ఇంగ్లీషు వాచకంలో చదువుకున్నాం, పిల్లల చేతా చదివించాం. జబ్బుగా ఉన్న అమ్మమ్మకి తినడానికేదో పట్టుకుని ఓ చిన్నపిల్ల అడవిదారిన బయల్దేరుతుంది. తోడేలు పలకరించి, ఎక్కడికెళుతున్నావో చెప్పమంటుంది. పిల్ల అమ్మమ్మ ఇంటి గుర్తులతో సహా చెప్పేస్తుంది. తోడేలు ముందే వెళ్ళి అమ్మమ్మని మింగి, ఆవిడ బట్టలు కట్టుకుని పడుకుంటుంది. తర్వాత పిల్లనీ మింగుతుంది. వేటగాడొచ్చి తోడేలు కడుపు కోసి ఇద్దర్నీ బయటికి తీస్తాడు. కథ కంచికి, మనం ఇంటికి.

కాని ఈ కథ అన్నిచోట్లా ఇలాగే కంచికి చేరలేదు. 1697లో ఫ్రాన్సులో షార్ల్ పెరో అచ్చు వేయించిన కథలో అసలు వేటగాడే లేడు. తోడేలు పిల్లని మింగడంతో సరి. చివర పద్యంలో నీతి చెప్పాడాయన. ఆడపిల్లలు కనబడ్డ ప్రతివాడి మాటా వినకూడదు, మెత్తగా మాట్లాడుతూ వెంట వచ్చే తోడేళ్ళే అన్నిటికన్నా ప్రమాదం అని. నిజమే. కాని వింటుంటే తప్పంతా పిల్లదే అన్నట్టుంటుంది. ఆయనే కథ మధ్యలో, తోడేలుతో ఆగి మాట్లాడటం ప్రమాదమని పాపం ఆ పిల్లకి తెలియదని రాశాడు. తెలియని పిల్లని తప్పెలా పడతాం?

వేటగాడొచ్చి ఇద్దర్నీ బయటికి తీసేది 1812లో, జర్మనీలో గ్రిమ్ సోదరుల పుస్తకంలో. అందులో తల్లి పిల్లకి జాగ్రత్తలు చెప్పి మరీ పంపుతుంది. దారి తప్పకు, పడ్డావంటే సీసా పగులుతుంది, వెళ్ళగానే అమ్మమ్మకి దణ్ణం పెట్టు అని. అన్నీ మంచి మాటలే. తోడేలు మాట మాత్రం ఒక్కటీ లేదు!

నవ్వకండి, నేనూ అలాంటి తల్లినే. మా అమ్మాయి ఎనిమిదో క్లాసులో ఉండగా, ట్యూషనుకి వెళ్ళే దారిలో ఓ పెద్దమనిషి రోజూ పలకరించి మీ ఇల్లెక్కడ, నాన్నగారు ఎన్నింటికొస్తారు అని అడిగేవాడట. నెల్లాళ్ళకి గాని నాకు తెలియలేదు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అన్నాను. "పెద్దవాళ్ళడిగితే జవాబు చెప్పకపోవడం పొగరని నువ్వేగా అన్నావు?" అంది. నాకు నోట మాట రాలేదు. మర్నాటి నుంచి వాళ్ళ నాన్నగారు దిగబెట్టడం మొదలెట్టారు, ఆ మనిషి మళ్ళీ కనబడలేదు. వేటగాడొచ్చాడన్నమాట! కాని ఎన్నాళ్ళని దిగబెడతాం?

అందుకే నాకు పల్లెటూళ్ళలో నోటిమాటగా చెప్పుకున్న కథలంటే ఎక్కువ ఇష్టం. ఫ్రెంచి పల్లెల్లో పందొమ్మిదో శతాబ్దంలో సేకరించిన ఒక కథలో ఎర్ర టోపీ లేదు, వేటగాడూ లేడు. పక్కలో ఉన్నది అమ్మమ్మ కాదని పసిగట్టి, ఆ పిల్ల దొడ్డికి వెళ్ళాలంటుంది. తోడేలు కాలికి తాడు కట్టి పంపుతుంది. పిల్ల ఆ తాడు విప్పి పెరట్లో రేగుపండులాంటి ప్లమ్ పళ్ళ చెట్టుకి కట్టేసి ఇంటికి ఒకటే పరుగు! చైనాలో చెప్పుకునే పులి అమ్మమ్మ కథలోనూ పిల్ల ఇదే వంక పెట్టి బయటపడుతుంది. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి చైనా! ఇలాంటివి 58 కథలు పోల్చి చూసి జంషీద్ తెహ్రానీ అనే పండితుడు 2013లో ఒక వ్యాసం రాశారు.

గ్రిమ్ పుస్తకంలో కూడా చివర ఇంకో చిన్న ముక్క ఉంది, చాలా పిల్లల పుస్తకాల్లో అది వదిలేస్తారు. మరోసారి ఇంకో తోడేలు ఎదురైతే పిల్ల ఆగదు. తిన్నగా వెళ్ళి అమ్మమ్మతో చెబుతుంది. ఇద్దరూ తలుపు గడియ పెట్టి, మాంసం ఉడికించిన నీళ్ళు వాకిట్లో రాతితొట్టి నిండా పోస్తారు. ఇంటికప్పు మీద కాచుకున్న తోడేలు ఆ వాసనకి మెడ సాచి, జారి తొట్టిలో పడి చస్తుంది. వేటగాడితో పనే పడలేదు.

ఇటీవలి రచయితలు ఇంకా ముందుకెళ్ళారు. అమెరికాలో జేమ్స్ థర్బర్ 1939లో, ఇంగ్లండులో రోల్డ్ డాల్ 1982లో ఆ పిల్ల చేతికి పిస్తోలే ఇచ్చారు. మన పిల్లలకి పిస్తోళ్ళెందుకు గాని, ఆ రెండో తోడేలు నాటి బుద్ధి చాలు. చూసింది, ఆగలేదు, వెళ్ళి ఇంట్లో చెప్పింది.

అలా చెప్పాలంటే, చెబితే తిట్టరన్న ధైర్యం పిల్లకి ఉండాలి. మా అమ్మాయిని కూచోబెట్టి, "ఎవరి పలకరింపైనా నీకు ఇబ్బందనిపిస్తే జవాబు చెప్పక్కర్లేదు, పొగరనుకుంటే అనుకోనీ. ఇంటికొచ్చి నాతో చెప్పు, నిన్నొక్క మాటనను" అన్నాను. ఆ మాట నెల ముందే చెప్పాల్సింది. మీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు ఆ రాతితొట్టి ముక్క కూడా కలిపి చెప్పండి.

సెలవు.