రెండేండ్ల చదువు: ఏది బరువు? ఏది బలము?

పదవతరగతి ఫలితములు వెలువడిన మరునాటినుండి విశాఖపట్టణమున ఇంటింటను ఒకటే ప్రశ్న: “మీవాడు ఏ గ్రూపు?” గాజువాకలోని ఉక్కు కార్మికుని ఇంటను, వన్‌టౌనులోని చిల్లర వర్తకుని ఇంటను, పెదవాల్తేరులోని గుమాస్తా ఇంటను ఈ ప్రశ్నను తప్పించుకొను దారి లేదు. పదునైదేండ్ల ప్రాయమున పలుకు ఒక్క మాటతో పైచదువుల ద్వారములు కొన్ని తెరచుకొనును, కొన్ని మూతపడును. అయితే ఆ మాట పలుకువాడు తరచుగా విద్యార్థి కాడు. తండ్రియో, మేనమామయో, పొరుగింటివారో!

కఠినమైన చదువును ఎన్నుకొనుట మంచిదే. కాని కాఠిన్యమనగా ఏమి? ఈ ఊరి విద్యాచరిత్రయే కొంత సమాధానము చెప్పుచున్నది. 1892లో చంద్రశేఖర అయ్యరుగారు గణిత, భౌతికశాస్త్రములు బోధించుటకై ఇచ్చటి ఎ.వి.ఎన్. కళాశాలకు వచ్చిరి. వారి కుమారుడు ఇచ్చటనే పెరిగి, పదునొకండవ యేట మెట్రిక్యులేషనును, పదుమూడవ యేట ఎఫ్.ఏ.ను పూర్తిచేసెను. ఆయనయే సర్ సి. వి. రామన్. 1904లో మద్రాసున బి.ఏ. పట్టము పొందినపుడు భౌతికశాస్త్రమునందే గాక ఆంగ్లమునందును ఆయనకు బంగారు పతకము లభించెను. ఇక ఈ ఊరనే పుట్టిన శ్రీశ్రీ జంతుశాస్త్రముతో 1931లో బి.ఏ. పట్టభద్రుడై, ఇదే ఎ.వి.ఎన్. కళాశాలలో కొంతకాలము డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసెను. ఒకరి శాస్త్రమునకు భాష అడ్డు కాలేదు. మరియొకరి కవిత్వమునకు శాస్త్రము అడ్డు కాలేదు. అట్టి మేధ అందరికిని ఉండదన్నది నిజమే. కాని ఆ మేధకు సైతము రెండు రెక్కలు అవసరమైనవని మరువరాదు.

మన రాష్ట్రమున రెండేండ్ల ఇంటర్మీడియట్ 1969–70లో తిరిగి వచ్చెను. 1986లో ఎంసెట్ మొదలైన పిదప ఎం.పి.సి., బై.పి.సి. అను రెండు బాటలే రాజబాటలైనవి. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదువువారు చదువురానివారన్నట్లు చూచు దురాచారము ప్రబలినది. ఓడరేవు నడచుటకు యంత్రము తెలిసినవారెంత అవసరమో, సరకుల లెక్క, సుంకముల చట్టము, బేరసారముల మర్మము తెలిసినవారును అంత అవసరమే గదా!

ఇపుడు మరియొక మలుపు వచ్చినది. 2025–26 విద్యాసంవత్సరమునుండి ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున ఇంగ్లీషు తప్పనిసరి. రెండవ భాషకు బదులు వేరొక విషయమును ఎన్నుకొనవచ్చును. గణితము చదువువాడు జీవశాస్త్రమును కూడ చదువుటకు వీలు కలిగినది. ఇది మేలైన అవకాశమే. సముద్రపు చేపల రాశిని అంచనా కట్టువానికి చేపయొక్క జీవితమును తెలియవలెను, గణాంకశాస్త్రమును తెలియవలెను. వైద్యపరికరములు రూపొందించువానికి దేహమును, విద్యుత్తును రెండును తెలియవలెను. అట్టి కోరిక గల విద్యార్థిని వెనుకకు లాగరాదు.

కాని కోరికవలన మోయు బరువు వేరు, భయమువలన మోయు బరువు వేరు. “ఇంజనీరింగు రాకున్న వైద్యము, వైద్యము రాకున్న ఇంజనీరింగు” అని రెండు పడవలపై కాళ్లు పెట్టించినచో, జె.ఇ.ఇ.కి ఒక సాధన, నీట్‌కు మరియొక సాధన. దినమునకు గంటలు మాత్రము ఇరువదినాలుగే. ఈ భేదమును మార్కుల పట్టిక చెప్పజాలదు. గంట మ్రోగిన పిదపకూడ ఎవరును చెప్పకయే తరువాతి లెక్కకు పోవు పిల్లవానిని, గంటకొరకు ఎదురుచూచు పిల్లవానిని గురుతించువాడు ఉపాధ్యాయుడే.

ఇక ఈ అదనపు విషయమునకు చోటు కల్పించుటకై ముందుగా గెంటివేయబడునది తెలుగు. ఇది క్రొత్త రోగము కాదు. సంస్కృతముపై ప్రీతిచే గాక మార్కులపై ప్రీతిచే సంస్కృతము తీసుకొనుట ఏండ్లతరబడి సాగుచున్నదే. కాని లాభనష్టములనే లెక్కింతము. నీట్ ర్యాంకు నీట్ మార్కులవలననే వచ్చును; తెలుగున నాలుగు మార్కులు తగ్గుటచే వైద్యకళాశాల సీటు పోదు. ఐ.ఐ.టి. ర్యాంకును అంతే, అచ్చట సామాన్య విద్యార్థికి పన్నెండవ తరగతిలో 75 శాతము, లేదా తన బోర్డులో పై 20 శాతమువారిలో స్థానము ఉండిన చాలును. అమెరికా కళాశాలలు పలువురి విషయమున చదివిన పాఠముల కాఠిన్యముతోపాటు విద్యార్థి స్వయముగా వ్రాసిన వ్యాసమును కూడ చూచును. తన అనుభవమును తన భాషలో కూర్చుకొనజాలనివాడు పరభాషలో ఏమి వ్రాయగలడు?

విశాఖ ఉక్కు కర్మాగారపు ఊదుకొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఆ కొలిమి చెంత పనివానికి రానున్న అపాయమును సూటియైన తెలుగున చెప్పజాలని ఇంజనీరు విద్య సగము విద్యయే. రోగి చెప్పు బాధను వాని మాటలోనే గ్రహింపలేని వైద్యుని విద్యయును అట్టిదే.

కావున ఉపాధ్యాయులకు విన్నపము. ప్రవేశముల రద్దీ మొదలు కాకముందే పదవతరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి, “నీకు ఏది కష్టమైనను ఇష్టము?” అని అడుగుడు. విద్యార్థులారా, ఆ ప్రశ్నకు సమాధానము మీరే చెప్పుడు. ఇష్టముతో ఎత్తుకొన్న బరువు భుజమునకు బలమగును. పరుల భయముతో ఎత్తుకొన్నది దారి నడుమ దించవలసివచ్చును.