వీడియో ముఖచిత్రమును భద్రపరచుకొను విధము

యూట్యూబునందు వీడియోను తెరవకమునుపే కనబడు చిన్న బొమ్మను థంబ్‌నెయిలు అందురు. పుస్తకమునకు అట్టవలె నుండుటచే దీనిని ముఖచిత్రమనవచ్చును. మిరపముడుత, వరి అగ్గితెగులు మొదలగువాని బొమ్మ కనబడినపుడు దానిని ఫోనులో దాచుకొని, పిమ్మట తన చేనితో పోల్చి చూడవలెనని రైతునకు తోచుట సహజము. ఆ పని చేయు విధమును, చేయునపుడు మరువరాని సంగతులును ఇచ్చట తెలుపుచున్నాము.

సులభమైన మార్గము స్క్రీన్‌షాట్. పెక్కు ఆండ్రాయిడ్ ఫోనులలో పవర్ మీటను, శబ్దము తగ్గించు మీటను ఒక్కసారిగా నొక్కినచో తెరపై నున్నదెల్ల బొమ్మగా నిలుచును. కాని ముఖచిత్రము తెరపై చిన్నది గనుక, పెంచి చూచినపుడు ఆకుమీది మచ్చలు అలికినట్లగును.

రెండవ మార్గమున అసలు చిత్రమే లభించును. ప్రతి వీడియోకును 11 అక్షరముల సంకేతము గలదు. 'షేర్' నొక్కి కాపీ చేసిన లింకులో, చివరి ఏటవాలు గీటునకు తరువాత, ప్రశ్నార్థకమునకు ముందు నుండునది అదియే. బ్రౌజరునందు ఇంగ్లీషు చిన్న అక్షరములతో 'ఐఎంజి డాట్ యూట్యూబ్ డాట్ కామ్' అనియు, గీటు పెట్టి 'విఐ' అనియు, మరల గీటు పెట్టి ఆ సంకేతమును, మరియొక గీటు పెట్టి 'హెచ్‌క్యూడిఫాల్ట్ డాట్ జెపిజి' అనియు ఎడము లేక వ్రాయవలెను. సంకేతములోని పెద్ద, చిన్న అక్షరములను మాత్రము మార్చరాదు. అంతట 480 చుక్కల వెడల్పు, 360 చుక్కల ఎత్తు గల చిత్రము వచ్చును. 'హెచ్‌క్యూ'కు బదులు 'మాక్స్‌రెస్' అని వ్రాసినచో కొన్ని వీడియోలకు 1280, 720 చుక్కల పెద్ద చిత్రము దొరకును. చిత్రముపై వ్రేలుంచి పట్టినచో దాచుకొను అవకాశము కనబడును. ఇందుకై వేరొక యాప్ అక్కరలేదు. మన సందేశములను, ఫోను నంబర్లను చూచుటకు అనుమతి కోరు యాప్‌లను దింపుకొనరాదు.

ఇట్లు దించిన బొమ్మలన్నిటికిని ఒకే పేరు వచ్చును. ఫోను వానికి వరుస అంకెలను మాత్రము చేర్చును. ఏ బొమ్మ ఎవరిదో, ఏనాటిదో దానిలో నుండదు. వీడియో యజమాని ముఖచిత్రమును ఎప్పుడైనను మార్చవచ్చును, వీడియోనే తొలగింపవచ్చును. కావున ఛానలు పేరును, లింకును, దించిన తేదీని వెంటనే వ్రాసియుంచవలెను. ఆనవాలు లేని బొమ్మ చీటీ లేని విత్తనపు సంచివంటిది.

అంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి గలదు. ముఖచిత్రము వీడియోలోని దృశ్యమే కానక్కరలేదు. యజమాని తనకు నచ్చిన ఏ బొమ్మనైనను అచ్చట పెట్టవచ్చును. మిరపలో తామరపురుగు సోకినచో ఆకులు పైకి ముడుచుకొనును; తెల్లనల్లి సోకినచో క్రిందికి ముడుచుకొనును. రెండింటికిని మందులు వేరు. చిన్న బొమ్మలో ఈ భేదము తెలియక దుకాణమునకు పోయినచో సొమ్మును పోవును, పంటయు దక్కదు.

దాచుకొన్న చిత్రమును స్వంత ఉపయోగమునకు చూచుకొనుటకు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 52వ సెక్షను అడ్డు చెప్పదు. కరపత్రమున అచ్చువేయుటకు మాత్రము యజమాని అనుమతి పొందవలెను.

సందేహము కలిగినపుడు కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 నంబరుపై ఖర్చు లేకుండ తెలుగున మాటలాడవచ్చును. వ్యవసాయాధికారి యొద్దకు పోవునపుడు ఫోనులోని బొమ్మతో తృప్తిపడక, చేనిలోని తెగులు సోకిన ఆకును గూడ కొనిపోయి చూపవలెను.